దిష్టిబొమ్మ మగ్గు

“ఏం చేస్తుంటారండీ?”

అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట ఈ ప్రశ్న పులిహోరకన్నా ముందొస్తుంది. జావా అనో, ఒరాకిల్ అనో, కార్డియాలజీ అనో ఒక్క ముక్కలో చెప్పగలిగినవాళ్ళు అదృష్టవంతులు. అడిగినాయన “ఓహో” అంటాడు, తనదీ చెప్తాడు, ఇద్దరూ కలిసి గారెల వైపు నడుస్తారు. నా సంగతి అంత సులువుగా తేలదు. “మగ్గులు చేస్తానండీ” అంటే అడిగినాయన ప్లేటు పట్టుకుని అక్కడే ఆగిపోతాడు. మగ్గు అనగానే మనవాళ్ళకి బకెట్లో తేలేదే గుర్తొస్తుంది మరి! “ప్లాస్టిక్ వ్యాపారమా?” అని అడిగినవాళ్ళున్నారు. “కాదండీ, పింగాణీవి. వాటికి మొహాలుంటాయి. రమ్ము పోసుకుని తాగుతారు” అని వివరించబోతే సంగతి ఇంకా పాడవుతుంది.

అందుకని చాలాకాలం “డిజైన్లో ఉన్నానండీ” అని తప్పించుకునేవాణ్ణి. మా ఆవిడ నేర్పిన జవాబది. అబద్ధం కూడా కాదు. వినేవాళ్ళు ఏ చిప్ డిజైనో అనుకుని గౌరవంగా తలూపేవారు. మా నాన్న కూడా ఊళ్ళో అడిగినవాళ్ళకి “కంప్యూటర్ మీద డిజైను” అనే చెప్పేవాడు.

ఇంతకీ టికీ మగ్గు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అమెరికాలో మద్యనిషేధం 1933లో ఎత్తేశారు. ఆ తర్వాత హాలీవుడ్‌లో ఎర్నెస్ట్ గాంట్ అనే కుర్రాడు వెదురు తడికలూ చేపల వలలూ వేలాడదీసి ఒక చిన్న బారు తెరిచాడు. దానికి డాన్ ది బీచ్‌కోంబర్ అని పేరు పెట్టి, ఆనక తన పేరు కూడా డాన్ బీచ్ అని మార్చేసుకున్నాడు. ఓక్లండ్‌లో విక్టర్ బెర్జరాన్ అనే ఆయన 1934లో పెట్టిన కొట్టు తర్వాత ట్రేడర్ విక్స్ అయింది. మైతాయ్ అనే పానీయం 1944లో తనే కనిపెట్టానని ఈయనా, అది తనదేనని ఆయనా వాదించుకున్నారు. ఆ పంచాయితీ మనకెందుకు గానీ, యుద్ధంలో పసిఫిక్ దీవులు చూసొచ్చిన సిపాయిల జ్ఞాపకాలు, 1959లో హవాయి రాష్ట్రం కావడం, అక్కడికి జెట్ విమానాలు ఎగరడం, అన్నీ కలిసి ఊరూరా టికీ బార్లు వెలిశాయి. పాలినీషియా కొయ్య విగ్రహాల మొహాలతో మగ్గులు జపాన్‌లో చేయించి తెప్పించేవారు. తాగినవాడు గుర్తుగా ఇంటికి పట్టుకుపోయేవాడు. కొందరు డబ్బిచ్చి, కొందరు కోటు కింద పెట్టుకుని.

1970లు వచ్చేసరికి ఆ మోజు తగ్గిపోయింది. మగ్గులు గరాజ్ సేల్స్‌లో పడ్డాయి. వాటిని ఏరుకుని అలమార్లలో పెట్టుకునేవాళ్ళు కొందరు బయల్దేరాక మళ్ళీ ఊపిరొచ్చింది. 2000లో శాన్ క్లెమెంటేలో టికీ ఫార్మ్ అనే కంపెనీ పుట్టింది. అదే ఏడు స్వెన్ కిర్‌స్టెన్ ‘ది బుక్ ఆఫ్ టికీ’ వచ్చింది. ఆ తర్వాత రోబోలూ, సముద్ర భూతాలూ, సినిమా వీరులూ అందరూ మగ్గుల్లో దూరారు. స్టార్ వార్స్ పాత్రలు కూడా గీకీ టికీస్ అనే పేరుతో కొయ్య విగ్రహాల వేషం వేసుకున్నాయి. అలమార్లో పెట్టుకునేవాడికి అందులో ఏం పోసుకుంటారన్నది ముఖ్యం కాదు. ఎన్ని చేశారు, తన దాని నంబరు ఎంత, అట్టపెట్టె నలక్కుండా ఉందా, అవీ ప్రశ్నలు.

నేనీ దారిలోకి కావాలని రాలేదు. 1999లో అందరిలాగే సాఫ్ట్‌వేర్ కోసం దక్షిణ కాలిఫోర్నియా వచ్చాను. పదేళ్ళు బొమ్మల ప్రోగ్రాములు రాశాను. 2009లో ఒక శుక్రవారం మధ్యాహ్నం అట్టపెట్టె చేతికిచ్చి ఇంటికి పంపారు. గ్రీన్‌కార్డు అప్పటికే వచ్చింది కాబట్టి దేశం వదలక్కర్లేదు. మా ఆవిడకి ఫార్మసీలో ఉద్యోగం ఉంది కాబట్టి ఇన్సూరెన్సు పోలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసు ఏదో ఒకటి చేరమంది. నేను సెరామిక్స్‌లో చేరాను.

ఎందుకని అడిగితే ఆవిడకి చెప్పలేదు గానీ, మా తాత కుమ్మరి.

గోదావరి జిల్లాలో మా ఇంటి వెనక వేపచెట్టు కింద ఆయన సారె ఉండేది. చెరువు మట్టి తెచ్చి, రాళ్ళేరి, కాళ్ళతో తొక్కి, కుండలు, కూజాలు, మూకుళ్ళు, దీపావళికి ప్రమిదలు చేసేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో మేళతాళాలతో మా గుమ్మంలోకి వచ్చి అరివేణి కుండలు పట్టుకెళ్ళేవారు. ఆ ఒక్క రోజు మా తాత ముందు ఊరి పెద్దలు కూడా నిలబడేవారు. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ మా తాతే వాళ్ళ ముందు నిలబడేవాడు. స్టీలు వచ్చింది, అల్యూమినియం వచ్చింది, ప్లాస్టిక్ బిందెలు వచ్చాయి. మా నాన్న చదువుకుని లెక్కల మాస్టారయ్యాడు. తాత పోయిన ఏడే సారె తీసి అవతల పడేశాడు. “ఈ మట్టి ఆయనతో ఆఖరు” అన్నాడు. మట్టిలో చెయ్యి పెడితే మా వీపులు మోగేవి.

అలాంటిది, నలభయ్యేళ్ళకి దగ్గరపడ్డాక డబ్బు కట్టి మరీ మట్టి తొక్కడానికి వెళ్ళాను.

టికీతో పరిచయం 2011లో. అనహైమ్‌లో డిస్నీల్యాండ్ హోటల్లో ట్రేడర్ శామ్స్ అనే బారు ఆ ఏడే తెరిచారు. పాత ఆఫీసు మిత్రుడొకడు తీసుకెళ్ళాడు. నేను రమ్ము తాగే రకం కాదు. కానీ మగ్గు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే, అడుగున అతుకు కనపడకుండా ఎలా చేశారా అన్నదే ఆలోచన. మిత్రుడు రెండోది తెప్పించుకునేసరికి నేను కాగితం రుమాలు మీద అచ్చు బొమ్మ గీస్తున్నాను.

ఈ పని సారె మీద కుదరదు. ముందు మొహాన్ని గట్టి మైనం మట్టితోనో కంప్యూటర్లోనో చెక్కాలి. దాని మీద ప్లాస్టర్‌తో రెండు ముక్కల అచ్చు తియ్యాలి. పెరుగులా చిలికిన పల్చటి బంకమట్టి అచ్చు నిండా పోస్తే ప్లాస్టర్ నీళ్ళు పీల్చుకుంటుంది. ఓ ఇరవై నిమిషాల్లో గోడకి నాలుగైదు మిల్లీమీటర్ల మందాన మట్టి పడుతుంది. మిగిలినది వంచేస్తారు. గట్టిపడ్డాక అచ్చు విప్పి, అతుకు గీకి, ఆరబెట్టి ఒకసారి కాలుస్తారు, రంగు పూత వేసి రెండోసారి కాలుస్తారు. మొదటిది వెయ్యి డిగ్రీల పైన.

వినడానికి ఇంతే. నా మొదటి మగ్గుకి పెద్ద గద్దముక్కు పెట్టాను. ముక్కు కింద అచ్చు ఇరుక్కుని, విప్పినప్పుడల్లా ముక్కు అందులోనే ఉండిపోయేది. పన్నెండు మొహాలు ముక్కులేకుండా పుట్టాయి. ముక్కు సరిచేశాక ఇంకో సంగతి. పదహారు ఔన్సులు పట్టేలా లెక్కకట్టి చేశాను. కాలి బయటికొచ్చాక కొలిస్తే పదమూడు చిల్లర. మా మట్టి అన్ని వైపులా నూటికి ఆరు వంతులు కుదించుకుంటుంది. ఎత్తులో ఆరే గానీ, లోపలి జాగాలో అది పదిహేడు వంతులవుతుంది. లెక్కల మాస్టారి కొడుకుని! ఫోన్లో నాన్నకి చెప్పి నవ్వించాలనిపించింది. చెప్పలేదు.

వ్యాపారంలో మొదటి దెబ్బ 2012లో తగిలింది. ఒక ప్రసిద్ధమైన సినిమా పాత్ర మొహం పెట్టి ముప్పై మగ్గులు చేసి అమ్మకానికి పెట్టాను. రెండు రోజుల్లో అయిపోయాయి. నేను గొప్ప శిల్పినైపోయానని పొంగిపోయాను. మూడో వారంలో స్టూడియోవారి వకీలు దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. అచ్చులు పగలగొట్టి, వచ్చిన డబ్బు లెక్క చెప్పమన్నారు. అచ్చులు నా చేత్తోనే సుత్తితో పగలగొట్టి ఫొటో తీసి పంపాను. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మా తాత అంటుండేవాడు. గుదియ కూడా మనమే పట్టుకోవాల్సి వస్తుందని ఆయనకి తెలీదు.

బుద్ధొచ్చి లైసెన్సు ఎంతని కనుక్కున్నాను. నన్ను అడిగిన మొత్తం ముందుగా పాతికవేల డాలర్లు. ఆపైన టోకు ధరలో నూటికి పన్నెండు. గరాజ్‌లో చిన్న కరెంటు కొలిమి పెట్టుకుని వారానికి పాతిక మగ్గులు తీసేవాడికి అది జరిగే పని కాదు. చివరికి కుదిరిన ఏర్పాటేమిటంటే, లైసెన్సులున్న కంపెనీలకి నేను కంప్యూటర్లో మొహాలు చెక్కి ఇస్తాను. మగ్గులు చైనా ఫ్యాక్టరీల్లో వేలకొద్దీ తయారవుతాయి. ఒక పాత్ర చెవి తమ్మె కోసం స్టూడియోవాళ్ళు ఏడుసార్లు తిప్పి పంపారు. పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా అంతలా చూడరు. అది తిండి పెట్టే పని. దాని పక్కన ఏడాదికి ఒకటో రెండో నా సొంత మగ్గులు.

సొంతానికి ఎవరి హక్కులూ లేని మొహం కావాలి. అలా దొరికాడు నోస్ఫెరాటు, 1922 నాటి జర్మన్ మూకీ సినిమాలో బట్టతల రక్తపిశాచి. తమాషా ఏమిటంటే ఆ సినిమాయే డ్రాక్యులా నవలని అనుమతి లేకుండా తీసింది. రచయిత భార్య కోర్టుకెక్కితే 1925లో ప్రింట్లన్నీ ధ్వంసం చెయ్యమని తీర్పొచ్చింది. ఎక్కడో కొన్ని మిగిలిపోయాయి. తొంభయ్యేళ్ళ తర్వాత నాలాంటి ఇంకో దొంగకి అన్నం పెట్టింది. రెండు వందల నోస్ఫెరాటులు నంబర్లు వేసి అమ్మాను. ఆ రెండు వందల కోసం దాదాపు మూడు వందలు కాల్చాల్సి వచ్చింది. పూతలో చిల్లులు పడ్డవి, చెవి దగ్గర చీలినవి మా పెరట్లో కొత్తిమీర కుండీలయ్యాయి.

వాటితోపాటు నాకు బాగా పోయే సరుకు ఇంకోటుండేది. టికీ విగ్రహం మొహానికి రోబో తొడుగు, కౌబాయ్ టోపీ, వ్యోమగామి గాజుబుర్ర లాంటివి తగిలించిన వరస. శాన్ డియాగోలో టికీ ఒయాసిస్ అనే పెద్ద సంబరం జరుగుతుంది, 2001లో మొదలైంది. పూల చొక్కాలేసుకుని వేలమంది వస్తారు. 2014లో అక్కడ ఒక బల్ల అద్దెకి తీసుకున్నాను. మధ్యాహ్నానికి సగం సరుకు అయిపోయింది.

అప్పుడొక పెద్దావిడ వచ్చి వ్యోమగామి మగ్గు చేతిలోకి తీసుకుంది. అడుగు చూడలేదు, నంబరు చూడలేదు. మొహమే చూస్తూ నిలబడింది.

“ఈయనెవరో మీకు తెలుసా?” అంది.

“టికీ” అన్నాను.

“అంటే ఎవరు?”

నాకు తెలిసినది చెప్పాను. పసిఫిక్ దేవుడు, అదృష్టం, అలాంటివేవో. ఆవిడ న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ. వాళ్ళలో టికీ అంటే మొట్టమొదటి మనిషి. చెక్కిన రూపంలో పూర్వీకులుంటారు. వాళ్ళ నాయనమ్మ మెడలో వేసుకునే పచ్చరాతి హెయ్-టికీ ఇంట్లో పెట్టెలో ఉందిట. ముఖ్యమైన రోజున, ఎవరైనా పోయినప్పుడు తీస్తారట. “మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. మీరు బాగా చెక్కారు, అందుకే ఆగాను” అంది. మగ్గు జాగ్రత్తగా, మొహం నావైపు ఉండేలా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది. మన దేవుళ్ళ బొమ్మలు చెప్పుల మీద, స్నానాల గది చాపల మీద వేశారని ఎన్ని ఈమెయిళ్ళు తిరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. నేనూ వాటికి సంతకాలు పెట్టాను. పది మందికి పంపాను. ఒకసారి వినాయకుడి గురించి ఒక కంపెనీకి మూడు పేజీల ఉత్తరం రాశాను. అందులో రాసిన ఒక వాక్యం ఆ సాయంత్రం ఫ్రీవే మీద తిరిగొస్తుంటే గుర్తొచ్చింది: మీకు అలంకారమైనది మాకు పెద్దవాళ్ళు ఇచ్చినది అని.

ఆ వరస ఆపేస్తానంటే మా ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. “ఇంటి వాయిదా రోబోలు కడతారా, మీరు కడతారా?” అంది. ఆవిడ అడగడంలో న్యాయముంది. ఇంకోమాట కూడా అంది. “మీరు మానేస్తే వాళ్ళకి ఒరిగేదేముంది? ఇంకొకళ్ళు చేస్తారు.” అదీ నిజమే. ఈ విషయంలో అందరిదీ ఒకే మాట కూడా కాదు. పాలినీషియా వాళ్ళే కొందరు మగ్గులు చెక్కుతారు, కొందరు ఆ బార్ల మొహం చూడరు. నేను ఎవరికీ తీర్పు చెప్పే స్థితిలో లేను. ఇప్పటికీ కంపెనీలకి నేను చెక్కే కొన్ని మొహాల్లో ఆ ఛాయలు లేవని ప్రమాణం చెయ్యలేను. నా చేత్తో పోసేవాటిలో మాత్రం ఆ మొహం వద్దనుకున్నాను. ఆ ఏడు మా రాబడి మూడో వంతు తగ్గింది.

మరి ఏ మొహం? మా అమ్మాయి “ఘటోత్కచుడు!” అంది. 1957 మాయాబజార్ చూపించి పెంచాం కదా. గొప్ప ఆలోచనే. కానీ ఘటోత్కచుడంటే మన కళ్ళకి కనిపించేది ఎస్.వి. రంగారావే. పురాణం అందరిదీ, ఆ మొహం మాత్రం ఆయనది. ఒకసారి సుత్తి పట్టుకున్నవాణ్ణి, ఇంక అటు వెళ్ళలేదు.

2023లో, అమ్మ పోయిన ఏడాదికి, నాన్న మా ఇంటికి వచ్చాడు. గరాజ్ తలుపు మూసి ఉంచుదామనుకున్నాను గానీ, పెద్దాయనకి తెల్లవారుజామున నిద్ర పట్టదు. మూడో రోజు పొద్దున్న కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి గరాజ్ మధ్యలో నిలబడి ఉన్నాడు. చుట్టూ అచ్చులు, మట్టి బస్తాలు, కొలిమి.

“ఇదా నీ డిజైను?”

నేను మాట్లాడలేదు.

“మట్టిలోంచి నేను బయటపడ్డానికి ముప్పయ్యేళ్ళు పట్టిందిరా. నిన్ను బయట పడెయ్యడానికి ఇంకో ఇరవై. ఇంత దూరమొచ్చి మళ్ళీ అందులో కూచున్నావా?”

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆవిడ “మావయ్యగారూ, ఇక్కడ దీన్ని అందరూ ఆర్టు అంటారు” అని సర్దబోయింది. “ఏమన్నా మట్టి మట్టేనమ్మా” అన్నాడు.

అప్పుడు నా బల్ల మీద ఒక కొత్త మొహం ఉంది. దిష్టిబొమ్మ. మన ఊళ్ళలో ఇల్లు కడుతుంటే ముందు వేలాడదీసే బూడిదగుమ్మడికాయ మీద ఉంటుందే, కోరమీసాలు, గుడ్లురిమిన కళ్ళు, బయటికొచ్చిన ఎర్రటి నాలుక, అదే. ఎవరి దేవుడూ కాదు, ఏ స్టూడియోదీ కాదు. మన బీడీ కట్టంత చవక, మన సినిమా పోస్టరంత పరిచయం. రోజూ చూసే మొహమే గానీ అలమార్లో పెట్టుకోవచ్చని ఎవరికీ తోచలేదు. నాకూ అంతవరకూ తోచలేదు. మొదటి పాతిక కాల్చి బల్ల మీద పేర్చాను.

ఐదో రోజు టకటక చప్పుడు వినపడి గరాజ్‌లోకి వెళ్ళాను. నాన్న స్టూలు మీద కూర్చుని ఒక్కో మగ్గూ ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, వేలి కణుపుతో కొడుతున్నాడు. మూడింటిని పక్కన పెట్టాడు.

“ఇవి పలకట్లేదు” అన్నాడు.

చూస్తే ఏమీ కనపడలేదు. రంగునీళ్ళు పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నకి మూడింటి అడుగునా వెంట్రుకంత సన్నటి గీత తేలింది. లైసెన్సు కంపెనీవాళ్ళు పెద్ద దీపాల కింద పెట్టి వెతికినా దొరకని చీలిక అది.

“ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా?”

“నేర్చుకోలేదు. ఆవం విప్పినప్పుడల్లా మీ తాత నాచేత కొట్టించేవాడు. ఆరేళ్ళప్పట్నించీ.” కాసేపాగి మగ్గు తిప్పి మొహంలోకి చూశాడు. “కళ్ళు తప్పు పెట్టావు. దిష్టిబొమ్మ ఎదురుగా చూడకూడదు, పక్కకి చూడాలి. కన్నుపెట్టేవాడు ఎటునించొస్తాడో తెలీదుగా.”

కళ్ళు మార్చాను. కొత్త అచ్చు తీశాను. నాన్న మట్టి ముట్టుకోలేదు, మట్టి చిలుకుతుంటే మాత్రం పక్కన నిలబడి “ఇంకా, ఇంకా” అనేవాడు. ఉన్న నెలలన్నీ ప్రతి మగ్గూ కొట్టి చూసింది ఆయనే. నూట యాభై చేశాం. కొన్నవాళ్ళలో సగంమందికి దిష్టి అంటే ఏమిటో తెలీదు. పెట్టెలో ఒక చిన్న చీటీ వేశాను. ఇది తాగేవాడి మీద పడే కళ్ళని తను తీసుకుంటుంది, పగిలితే బాధపడకండి, దాని పని అది చేసినట్టు లెక్క, అని. ఒకాయన పోస్టులో పగిలిందని డబ్బు వెనక్కి అడగలేదు. థాంక్స్ అని రాశాడు!

మరుసటి ఏడు ఉగాదికి నాన్నని తీసుకెళ్ళాను. పచ్చడి తిని కుర్చీలో కూర్చున్నాడు. పక్కనెవరో పెద్దాయన, కొడుకు దగ్గరికి వచ్చినవాడే, పలకరించాడు. నేను మంచినీళ్ళు తెస్తూ వెనకనించి విన్నాను.

“మీ అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?”

నాన్న కండువా సర్దుకున్నాడు.

“కుండలండీ” అన్నాడు. “మా నాన్న చేసే పనే. ఇక్కడ వాటికి నంబర్లు వేసి అమ్ముతారు.”